కాలువల పట్టణాలలో మితవ్యయ యాత్ర

ఇటలీ దేశపు ఈశాన్య భాగంలో, ఏడ్రియాటిక్ సముద్రతీరాన వెనెటో అనే ప్రాంతం ఉన్నది. ఆల్ప్స్ పర్వతాలలో పుట్టిన నదులు మోసుకొని వచ్చిన ఒండ్రుమట్టి, సముద్రపు ఆటుపోట్లు కలిసి అక్కడ సుమారు 550 చదరపు కిలోమీటర్ల ఉప్పునీటి సరస్సును ఏర్పరచాయి. ఆ సరస్సులోని 118 చిన్న దీవుల మీద వెలసినదే వెనిస్ నగరం. ఆ పేరు వినగానే దంపతులకు మొదట గొండోలా పడవ, ఆ వెంటనే తమ చేతిలోని సొమ్ము జ్ఞాపకానికి వస్తాయి. ఇది సంపన్నులకే తగిన యాత్ర అనే అభిప్రాయం లోకంలో స్థిరపడింది. ఆ అభిప్రాయం సగమే నిజం.

ఐదు, ఆరు శతాబ్దాలలో దండయాత్రలకు వెరచి ప్రధాన భూభాగాన్ని విడిచిన ప్రజలు ఈ బురద దీవులను ఆశ్రయించారు. వారు మెత్తని నేలలో వేలకొలది కొయ్య దుంగలను దిగగొట్టి, వాటిపై రాతి పునాదులు కట్టి ఇండ్లు నిర్మించారు. బురదలో గాలి సోకదు కనుక ఆ కొయ్య త్వరగా కుళ్లిపోదు. దీవులకు నడుమ మిగిలిన నీటి పాయలే కాలువలయ్యాయి. అంటే ఇవి చాలావరకు తవ్వినవి కావు, వదిలిపెట్టినవి. నగరంలో 400కు పైగా వంతెనలున్నాయి. మోటారు వాహనాలు నగరపు అంచు దాటి లోపలికి రావు. కాబట్టి వెనిస్‌లో అత్యుత్తమమైన వాహనం మనిషి కాలే. దానికి టికెట్టు లేదు.

అయితే పెద్ద కాలువను దాటవలసి వచ్చినపుడు చిక్కు ఎదురవుతుంది. సుమారు 3.8 కిలోమీటర్ల పొడవు గల ఆ కాలువపై ఉన్నవి నాలుగే వంతెనలు. వాటిలో రియాల్టో వంతెన 1591లో పూర్తయింది. ప్రజారవాణా పడవను అక్కడివారు వాపొరెట్టో అంటారు. 2025లో దాని టికెట్టు 75 నిమిషాలకు 9.50 యూరోలు, రోజంతటికీ 25 యూరోలు. రోజుకు మూడుసార్లు పడవ ఎక్కవలసిన వారికి రెండవదే లాభం. గొండోలా విహారానికి నగరపాలక సంస్థ నిర్ణయించిన ధర, 2023 చివర పెంచిన తరువాత, పగటిపూట అరగంటకు 90 యూరోలు. ఇది పడవ మొత్తానికి ధరయే గాని మనిషికి కాదు. ఐదుగురి వరకు కూర్చోవచ్చు. అంత వెచ్చించలేని దంపతులకు త్రగెత్తో అనే రేవు పడవ ఉన్నది. పెద్ద కాలువను ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు దాటించే ఈ పడవ కూడా గొండోలా వంటిదే. ప్రయాణికులు అందులో నిలబడి కూడా ప్రయాణిస్తారు. ఒక్కొక్కరికి రెండు యూరోలతో పని జరుగుతుంది.

బస విషయంలోనే అసలైన ధర్మసందేహం కలుగుతుంది. దీవిలో గదుల అద్దె అధికం. ప్రధాన భూభాగంలోని మెస్త్రేలో బస చేస్తే అద్దె తగ్గుతుంది. రైలు పది పన్నెండు నిమిషాలలో సరస్సు దాటి వెనిస్ చేరుస్తుంది. ఆ రైలు వంతెనను 1846లో ప్రారంభించారు. 2024 ఏప్రిల్ 25 నుండి కొన్ని ఎంపిక చేసిన రోజులలో, రాత్రి బస చేయక పగలు మాత్రమే వచ్చిపోయే వారిపై ప్రవేశ రుసుము విధించారు. మెస్త్రే కూడా వెనిస్ నగరపాలికలోనిదే కనుక అక్కడ బస చేసిన వారికి ఆ రుసుము వర్తించదు.

లెక్క ఇంతటితో ముగిసినట్లే కనిపిస్తుంది. కాని 1951లో పాత నగరంలో సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటె తక్కువకు పడిపోయింది. నివాస గృహాలు యాత్రికుల విడిదులుగా మారడం ఇందుకు ఒక ముఖ్యకారణం. దీవిలో బస చేసే దంపతుల వలన అద్దెలు పెరుగుతాయి. చేయని వారి వలన ఊరికి దక్కేది రద్దీ మాత్రమే. ఈ రెండింటిలో ఏది తక్కువ హాని అని అడిగితే, రద్దీ లేని మాసంలో ఒకటి రెండు రాత్రులు దీవిలోనే, కుటుంబం నడిపే చిన్న విడిదిలో గడపడం మేలని నా అభిప్రాయం. సాయంకాలం పగటి జనం వెళ్లిపోయిన పిమ్మట కాలువ గట్టున వినబడే నిశ్శబ్దానికి ఏ రుసుమూ లేదు.

భోజనానికి బాకరో అనే చిన్న అంగళ్లు అనుకూలం. అక్కడ రొట్టె ముక్కలపై చేపను గాని కూరగాయలను గాని ఉంచి చిరుతిండిగా అమ్ముతారు. వీథులలోని కుళాయి నీరు త్రాగదగినది. సాన్ మార్కో చౌకంలో మెట్లపై కూర్చుండి తినడం మాత్రం నిషిద్ధం. జరిమానా కట్టవలసి వస్తే పొదుపు చేసినదంతా పోతుంది.

కాలువలు వెనిస్‌కే పరిమితం కావు. ప్రాంతీయ రైళ్లలో ముందు కొన్నా, అప్పుడే కొన్నా ధర ఒక్కటే. కాగితపు టికెట్టుకు రైలెక్కే ముందు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. ఈ రైలులో ఉత్తరాన ఉన్న త్రెవీజోకు అరగంటకు కొంచెం అటూ ఇటూగా చేరవచ్చు. 1944 ఏప్రిల్ 7 నాటి బాంబుదాడిలో ఆ పట్టణం తీవ్రంగా దెబ్బతిన్నది. అక్కడి కాలువలలో పారేది సముద్రజలం కాదు, ఊటల నీరు. చేపల బజారు కాలువ నడుమనున్న లంకపై ఉన్నది. పడువాలో మాత్రం 1950లలో ఒక ప్రధాన కాలువను పూడ్చి రహదారిగా మార్చారు. మిగిలిన వాటిలో, 78 విగ్రహాలతో ఒక పెద్ద మైదానాన్ని చుట్టి ఉన్న అండాకారపు కాలువ చూడదగినది.

సరస్సు దక్షిణాగ్రాన ఉన్న కియోజ్జా జాలరుల పట్టణం. తెలుగువారికి ఈ ఊరితో ఒక పాత సంబంధం ఉన్నది. సుమారు 1420లో విజయనగరాన్ని దర్శించిన యాత్రికుడు నికోలో కాంటి జన్మస్థలం ఇదేనంటారు. వెనిస్ నుండి లీదో దీవి మీదుగా బస్సు, పడవ మారుతూ ఇక్కడికి చేరవచ్చు. దారిలో పెల్లెస్త్రీనా దీవి పొడవునా, 18వ శతాబ్దంలో సముద్రాన్ని అడ్డగించడానికి కట్టిన రాతిగోడ కనిపిస్తుంది. 1966 నవంబరు 4 నాటి ఉప్పెనలో ఆ గోడ పలుచోట్ల తెగింది. ఆనాడు వెనిస్‌లో నీరు 194 సెంటీమీటర్ల మట్టానికి లేచింది. ఇప్పుడు సరస్సు మూడు ముఖద్వారాలలో 78 ఇనుప తలుపులున్నాయి. అవి 2020 అక్టోబరు 3న మొదటిసారి నగరాన్ని పోటునీటి నుండి కాపాడాయి. ఆ ద్వారాలలో ఒకటి కియోజ్జా ముంగిటనే ఉన్నది. మామూలు రోజులలో ఆ తలుపులు నీటి అడుగున పడి ఉంటాయి. వాటి మీదుగానే పడవలు వేటకు పోయి వస్తుంటాయి.