సన్నబడ్డాను.. కానీ అమ్మను లేపలేకపోయాను

నాలుగేళ్ల క్రితం తెనాలిలో అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. డాలస్ నుంచి హడావుడిగా వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టగానే పిన్ని అన్న మొదటి మాట.. ‘ఎంత సన్నబడ్డావే!’ లోలోపల గర్వంగానే అనిపించింది. అంతకు ముందు నాలుగు నెలల్లో 72 కిలోల నుంచి 64కి దిగాను మరి.

మర్నాడు అమ్మను మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి. నావల్ల కాలేదు. చేతులు వణికాయి, నడుం పట్టేసింది. చివరికి ఆయమ్మ వచ్చి ఒక్క పట్టున లేపింది. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది. ‘నువ్వసలు తిండి తింటున్నావా లేదా?’ అని మంచంలో ఉన్న అమ్మే నన్ను అడిగింది.

కరిగింది కొవ్వు ఒక్కటే కాదు

ఎలా తగ్గానంటే.. పొద్దున కాఫీ, మధ్యాహ్నం సలాడ్, రాత్రి ఒక పుల్కా, రోజూ గంట నడక. కడుపు మాడ్చుకుంటే కాటా దిగుతుంది, నిజమే. కానీ ప్రొటీన్ చాలక, కండరాలకు పని లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. నాకు జరిగింది అదే.

డాలస్ తిరిగి వచ్చాక పాత తిండి మొదలైంది. ఏడాది తిరిగేసరికి పోయిన ఎనిమిదికి పది కిలోలు వచ్చి చేరాయి. అప్పటికి నా వయసు 46, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. నాన్న షుగర్‌తో పడ్డ బాధ కళ్లారా చూసినదాన్ని. ఆ రిపోర్టు చూశాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగర్ ముప్పు మొదలవుతుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ పరీక్షల విషయంలో మిగతావారికి బీఎంఐ 25ని హద్దుగా పెడితే, ఆసియా మూలాలున్నవారికి 23గా పెట్టింది. నాది అప్పుడు దాదాపు 30.

బియ్యం బస్తా చెప్పిన పాఠం

ఈసారి మా ఊరి రిక్రియేషన్ సెంటర్‌లో చేరాను. బరువులు ఎత్తే వైపు మనవాళ్లెవరూ కనిపించలేదు. ‘మగవాళ్లలా కండలు వస్తాయేమో’ అన్నాను. ట్రైనర్ నవ్వేసింది. ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ తక్కువ కాబట్టి అంత తేలిగ్గా రావని చెప్పింది.

మొదటి రోజు పని.. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం. పదిసార్లు. ఆరోసారికే తొడలు వణికాయి. వారానికి మూడు రోజులు, నలభై నిమిషాలు. గుంజీలు, గోడ పుషప్స్, డంబెల్స్, నేల మీంచి బరువు లేపడం. కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోవడమే అసలు కిటుకు. 10 పౌండ్లతో మొదలుపెట్టినదాన్ని ఏడాదికి 95 పౌండ్లు లేపాను.

మొదటి రెండు నెలల్లో తగ్గింది కిలోన్నరే. మానేద్దామనుకున్నాను. ఆ వారమే ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన 20 పౌండ్ల సోనామసూరి బస్తాను కారులోంచి తీసి వంటింట్లో పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది.. మావారిని పిలవలేదని! ఆ తర్వాత మళ్లీ మానే ఆలోచన రాలేదు.

అన్నం మానలేదు

మన కంచంలో అన్నం గుట్టలా ఉంటుంది, పప్పు నంజుకోవడానికన్నట్టు ఉంటుంది. రోజంతా తిన్నది రాసుకుని చూస్తే నా ప్రొటీన్ 40 గ్రాములు కూడా లేదు. డైటీషియన్ 80 గ్రాములు తినమంది. ఇప్పుడు పొద్దున పెసరట్టుతో రెండు గుడ్లు. మధ్యాహ్నం కప్పు అన్నం, చిక్కటి పప్పు, ఎక్కువ కూర, చేపో చికెనో. చివర్లో గ్రీక్ యోగర్ట్. ఒక చిన్న డబ్బాలో 15 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. శాకాహారులైతే పనీర్, టోఫు, శనగలు, సోయా ఉన్నాయి.

వీకెండ్ పార్టీలూ మానలేదు. ఏడింటి పకోడీల దగ్గర చేయి ఆపుకుంటాను, పదింటికి బిర్యానీ ఒక్కసారే వడ్డించుకుంటాను.

14 నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. నెలకు కిలో కూడా కాదు! హెచ్‌బీఏ1సీ 5.6కి వచ్చింది. ఏడాదిన్నర దాటినా బరువు 65 దగ్గరే నిలిచింది. కాటా మీద అంకె ఇంచుమించు అప్పటిదే. మనిషిని మాత్రం వేరు.

అమెరికాలో 2002లో ఫలితాలు వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ లక్ష్యం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. ఆ బాటలో నడిచినవారిలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. నా 74 కిలోల్లో 7 శాతమంటే ఐదు కిలోలే. దానికి కడుపు మాడ్చుకోనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలున్నవారు మాత్రం ముందు డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టండి.

మొన్న డిసెంబర్‌లో తెనాలి వెళ్లాను. అమ్మ ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. మంచం మీంచి లేవడానికి చేయి చాపితే ఈసారి ఆయమ్మను పిలవలేదు, నేనే లేపాను. ఫిజియోథెరపిస్టును అడిగి తనకూ కుర్చీలోంచి లేవడం అలవాటు చేశాను. ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరం కలిసే చేస్తున్నాం. అమ్మ అయిదు, నేను పదిహేను. లెక్కపెట్టేది మాత్రం అమ్మే.