నాదమునకు రూపము

తంబుర మీటినపుడు చెవికి ఒక్క నాదమే వినిపించినను, అందు అనేక స్వరాంశములు కలిసియుండును. వానిని విడదీసి, ఏది యెంత బలముగా నున్నదో వెంటవెంటనే గీతలుగా చూపు కంప్యూటరు మా స్టూడియోలో గలదు.

ఇది యెట్లు సాధ్యము? మైక్రోఫోను అందించిన ధ్వనిని కంప్యూటరు సెకనుకు 48,000 మార్లు కొలుచును. ఆ కొలతలను 2,048 చొప్పున గుంపులు చేసి గణించును. నేరుగా గణించినచో గుంపుకు సుమారు 42 లక్షల గుణకారములు కావలెను. 1965లో కూలీ, టూకీ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతిలో సుమారు 11 వేలు చాలును. కనుకనే చిత్రము పాటతోపాటు కదలుచున్నది.

అయినను ఒక చిక్కు గలదు. ఇంత చిన్న గుంపుతో, 23 హెర్ట్‌జుల కంటె దగ్గరగా నున్న అంశములు విడివడవు. విద్యుత్తు తీగెల నుండి 50 హెర్ట్‌జుల వద్ద చేరు జుమ్మను రొద, మృదంగపు మంద్రనాదములతో కలిసిపోవును. గుంపును ఎనిమిది రెట్లు పెంచినచో 3 హెర్ట్‌జుల భేదమును తెలియును. కాని ఆ గుంపు నిండుటకు సెకనులో మూడవవంతు పట్టును. ఆలోగా పడిన మృదంగపు దెబ్బలన్నియు ఒక్క మచ్చగా అలుకుకొనిపోవును.

కావున రొదను వెదకునపుడు పెద్ద గుంపును, లయను చూచునపుడు చిన్న గుంపును ఎన్నుకొందుము. రెంటిని ఒకేసారి వినగల చెవిని మాత్రము మేము పక్కనబెట్టలేదు.