దారము తెంచు మందు

ఎక్స్ కిరణము జీవకణమున దూరినపుడు డి. ఎన్. ఏ. పేటలను తానే తెంచుట కొంతమాత్రమే. కణములోని నీటిని చీల్చి, హైడ్రాక్సిల్ అను మిక్కిలి చురుకైన తునకను పుట్టించి, దానిచేత తెంపించుట యెక్కువ. మనము పీల్చు ప్రాణవాయువు నుండియు నట్టి తునకలు నిత్యము కొద్దికొద్దిగా పుట్టుచునే యుండును. చెడిన చోట్లను చక్కబెట్టు ఎంజైములు లేనిచో మన బ్రతుకెట్లు సాగును?

ఆకుకూరల కొరతయు నిదే పని చేయునన్న పలువురు నమ్మరు. తోటకూర, పెసలు, మినుములలోని ఫోలేటు అను విటమిను కొరవడినచో, డి. ఎన్. ఏ.లో థైమిన్ ఉండవలసిన తావున యురాసిల్ వచ్చి చేరును. ఎంజైములు దానిని కోసి తీయును. ఎదురెదురు పేటలలో చేరువగా రెండు కోతలు పడెనా, దారమే తెగును! బాగుచేయ వచ్చినవే తెంచినవన్నమాట. మానవులలో దీనిని 1997లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి.

ఆ విటమినును ఫోలిక్ ఆమ్లముగా 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందమునకు నాయకులు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదువుకొన్నవారు. వారి అన్నగారిని బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ విటమినే మందైనది.

ఆ బృందమే, రూపమున విటమినును పోలి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను సిద్ధపరచెను. రక్తపు క్యాన్సరు కణములు త్వరత్వరగా విభజన పొందును గనుక థైమిన్ కరవు వానికి పెద్ద దెబ్బ. 16 గురు పిల్లలకు ఆ మందునీయగా 10 మందికి కొంతకాలము నెమ్మదించినదని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించిరి. అమినోప్టెరిన్‌కు దాయాదియగు మెథోట్రెక్సేట్ నేటికిని వైద్యుల వాడుకలో నున్నది.