పచారీ కొట్టు లెక్కలు

నెల మొదటి వారంలో సరుకుల చీటీ రాసుకోవడం మన ఆడవాళ్ళందరికీ అలవాటైన పనే. వెనక ఆ చీటీ పట్టుకుని వీధి చివరి పచారీ కొట్టుకు వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు చాలా యిళ్ళల్లో ఆ చీటీ కాస్తా సెల్‌ఫోన్లోకి చేరింది. నూనె పాకెట్టు మొదలు కొత్తిమీర కట్ట దాకా నిమిషాల మీద గుమ్మంలోకి వస్తున్నాయి. “ఫోన్లో యింత చవకగా యిస్తుంటే, కొట్టువాడు యిన్నాళ్ళూ మనల్ని దోచుకున్నాడన్నమాట!” అని అనుకోవడం కూడా వింటున్నాం. ఆ మాట ఎంతవరకు నిజమో, ఆ లెక్కేమిటో కాస్త విప్పి చూద్దాం.

ఎమ్మార్పీ 100 రూపాయలు వున్న సబ్బుల పాకెట్టు వున్నదనుకోండి. కంపెనీ నుంచి ఏజెన్సీకి, ఏజెన్సీ నుంచి కొట్టుకు వచ్చేసరికి అది కొట్టువారికి పడేది యించుమించు 90 రూపాయలు. వస్తువును బట్టి రెండు రూపాయలు అటో యిటో. మిగిలిన ఆ పదిలోనే కొట్టు అద్దె, కరెంటు, కుర్రవాడి జీతం, ఎలుకలు కొట్టిన సంచీ, తిరిగిరాని అరువూ అన్నీ గడవాలి. అదే పాకెట్టు పండగ ఆఫర్లో ఫోన్లో 85కి వస్తుంది. అంటే కొట్టువారు కొన్న ధర కంటే మనం కొన్న ధరే తక్కువ! మా పేటలో ఒకాయన ఆఫర్లు వచ్చినప్పుడు ఏజెన్సీని పక్కనపెట్టి, తానే ఫోన్లో తెప్పించుకుని కొట్లో పెట్టి అమ్ముతున్నారు. నవ్వొచ్చే సంగతే గాని, నవ్వి వూరుకునేది కాదు.

మరి వాళ్ళకెలా గిట్టుబాటవుతున్నది? లారీల లెక్కన కొనేవారికి కంపెనీలు ఎక్కువ తగ్గింపు యిస్తాయి. ఈ తేడా మీదనే 2021 చివరా 2022 మొదట్లోనూ మహారాష్ట్రలో ఏజెన్సీలవారు కొన్ని పెద్ద కంపెనీల సరుకును ఎత్తేది లేదని మొండికేశారు. రెండో సంగతి, పెట్టుబడి. పెద్ద వ్యాపారానికి వెనక డబ్బు పెట్టేవాళ్ళుంటారు. నాలుగేళ్ళు నష్టం వచ్చినా, జనం అలవాటు పడితే చాలునని కాచుకుంటారు. మన వీధి కొట్టాయన నాలుగు నెలలు నష్టపోతే తలుపులు మూసుకోవాల్సిందే.

ఇలాంటి వాటికి చట్టం లేదా అంటే, వుంది. విదేశీ పెట్టుబడి వున్న ఆన్‌లైన్ సంస్థలు సాధారణంగా సొంత సరుకు పెట్టుకుని అమ్మకూడదు, అమ్మేవారికీ కొనేవారికీ మధ్య సంతలా మాత్రమే వుండాలి. 2018 డిసెంబరులో ఈ నిబంధనలను మరింత బిగించారు, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఢిల్లీ వర్తకుల ఫిర్యాదు మీద 2020 జనవరిలో కాంపిటిషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై విచారణకు ఆదేశించింది. ఆ సంస్థలు కోర్టులకెక్కాయి. విచారణ ఆపడానికి 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. కోర్టు కాగితాలు కదిలే వేగం మనకు తెలిసిందే కదా!

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది అరువు సంగతి. మన వీధి కొట్లో ఒక పద్దు పుస్తకం వుంటుంది. మనింట్లో అంట్లు తోమే అమ్మాయి పేరు అందులో వుంటుంది. తాపీ పనివారి పేరూ, రిక్షా లాగే తాత పేరూ వుంటాయి. శనివారం కూలి డబ్బు చేతికొస్తే కట్టేస్తారు. 5 రూపాయల మిరియాలు, 10 రూపాయల నూనె వాళ్ళకు అక్కడే దొరుకుతాయి. ఫోన్లో ఆ కొలతలు లేవు, వున్నా యింటికి తెచ్చే ఛార్జీయే సరుకు ధరను మించిపోతుంది. కొట్టాయన ఆ అరువు యివ్వగలుగుతున్నది దేనివల్ల? మనబోటి వాళ్ళం నెలకు ఒకసారి నగదు పెట్టి కొంటున్నందువల్ల. ఏజెన్సీవారికి ఆయన కట్టేది ఆ నగదే. మనం ఫోన్లోకి వెళ్ళిపోతే ఆయనకు పద్దు మాత్రం మిగులుతుంది, గల్లాపెట్టెలో పైసా వుండదు. అప్పుడు మొదట ఆగేది అరువే. కొట్టు మూతపడకముందే ఆ పిల్ల యింట్లో పొయ్యి మీద ఆ దెబ్బ తగులుతుంది. 2020లో లాక్‌డౌన్ మొదటి రోజుల్లో ఫోన్ ఆర్డర్లు అందక జనం అవస్థ పడినప్పుడు చాలా వీధుల్ని ఆదుకున్నది యిలాంటి కొట్లే.

అలాగని కొట్లవారిలో తప్పు లేదనను. బిల్లు అడిగితే మొహం చిట్లించేవారున్నారు. తేదీ దాటిన బిస్కట్లు అంటగట్టేవారున్నారు. కాటా మీద కన్నేసి వుంచాల్సిన కొట్లూ లేకపోలేదు. ఫోన్లో బిల్లు దానంతటదే వస్తుంది, చాలా వస్తువులు నచ్చకపోతే తిరిగి తీసుకుంటారు. నడవలేని పెద్దవాళ్ళకూ, ఆఫీసు నుంచి పొద్దుపోయి వచ్చే ఆడపిల్లకూ ఆ సదుపాయం వద్దనడానికి నాకు నోరు రాదు. కొట్లవారు కూడా మేలుకుంటున్నారు. వాట్సాప్‌లో చీటీ పంపితే కుర్రాడిచేత సరుకులు పంపిస్తున్నారు. చిన్న కొట్లు కూడా అందరి ఫోన్లలో కనబడేటట్టు ప్రభుత్వం 2021 డిసెంబరులో ఓఎన్‌డీసీ అనే ఏర్పాటు చేసింది. మంచిదే. కాని పొద్దుటినుంచి రాత్రి దాకా ఒక్కడే కాటా దగ్గర నిలబడే మనిషి, ప్రతి సరుకుకూ ఫోటో తీసి ధర ఎక్కించేది ఎప్పుడండీ?

ఈసారి చీటీ రాసేటప్పుడు పది వస్తువులకు రెండు చోట్లా ధర వేసి చూడండి. ఫోన్లో వస్తువు పక్కన కనిపించే ధర వేస్తే చాలదు, చివర కలిపే డెలివరీ, హ్యాండ్లింగ్ ఛార్జీలు కూడా వేయాలి. మా యింట్లో నేను వేసిన లెక్కలో నూనే, బట్టల సబ్బు పొడీ ఫోన్లోనే చవక. కందిపప్పూ, చింతపండూ, ఎండుమిర్చీ కొట్లోనే చవక తేలాయి. పైగా చింతపండు పీచు తీసిందో కాదో చేత్తో పట్టి చూసుకోవచ్చు, బెల్లం తూచాక మీద ఓ చిన్న ముక్క కొసరూ అడగవచ్చు.