తెల్ల గులాబీకి కాస్త చోటివ్వండి

మా నందిగాంలో ఏ ఇంటికి పేరంటానికి వెళ్లినా, తాంబూలం అందుకుని అటునుంచటే వచ్చేయడం నాకు చేతకాదు. ఆ ఇంటి పెరట్లోకి ఓసారి తొంగి చూడాల్సిందే. "నువ్వు వెళ్లేది పేరంటానికా, మొక్కల తనిఖీకా?" అని మావారు వేళాకోళం చేస్తుంటారు. అననివ్వండి. మా తెల్ల గులాబీ నాకు దొరికింది అలా తొంగి చూసినప్పుడే మరి!

2016 శ్రావణమాసం. మబ్బుపట్టిన సాయంత్రం. వెనకవీధి పెద్దమ్మ ఇంట్లో, నూతిగట్టు పక్కన నడుమెత్తు గుబురు. ఒక్కో కొమ్మకి అయిదారు పూలు. పాలమీగడ రంగు. దగ్గరికి వెళ్లకముందే వాసన ఎదురొచ్చింది.

చెప్పొద్దూ, అంతకు ఏడాది ముందే నేను తెల్ల గులాబీతో చేతులు కాల్చుకుని ఉన్నాను. వీధిలోకి వచ్చిన మొక్కలబండి మీద పూలతో సహా ముచ్చటగా ఉంటే కొన్నాను. వాసన చూడలేదు. తెలుపు చూసి మురిసిపోయానంతే. వేసవిలో పైకొమ్మలు ఎండిపోయి, అడుగునుంచి ఏపుగా ఓ రెమ్మ లేచింది. బతికిందిలే అని సంబరపడి నీళ్లు పోశాను. పెరిగింది, పెరిగింది, ముళ్లు తప్ప పువ్వు లేదు!

"అది అంటు మొక్కమ్మా. పైది సచ్చిపోనాది, కింద అడవిది మిగిలింది" అంది పెద్దమ్మ నవ్వుతూ. తన గుబురునుంచి రెండు కొమ్మలు కోసి చేతిలో పెట్టింది. "పట్టుకెళ్లు. నా దగ్గరొక్కచోటే ఉంటే ఏటి లాభం?"

ఆ మాట విలువ నాకప్పుడు తెలీలేదు.

అంటు మొక్కా? కొమ్మ మొక్కా?

మనం కొనే గులాబీల్లో చాలావరకు అంటు మొక్కలే. గట్టి వేరున్న అడవి గులాబీ మీద మంచి రకం మొగ్గని అతికిస్తారు. మొదట్లో కాస్త ఉబ్బెత్తుగా కనిపించేదే ఆ అతుకు. దానికి కిందనుంచి ఏ రెమ్మ వచ్చినా మొహమాటపడకుండా మొదలంటా తీసేయాలి. లేకపోతే నా కథే మీకూను! కొమ్మ నాటితే వేరు తన సొంతం కాబట్టి ఆ బాధ లేదు. పై కొమ్మలు విరిగినా, వేరు బతికుంటే మళ్లీ అదే పువ్వు పూస్తుంది. గాలివానల సీమలో ఉన్న మనకి ఇది చిన్న సంగతి కాదు.

వాసన మాట కూడా చెప్పుకోవాలి. దుకాణాల్లో అమ్మే పూలకి కాడ పొడుగ్గా ఉండాలి, వారం రోజులు వాడకూడదు. ఆ గుణాల కోసం రకాలు తయారుచేస్తూ పోయేసరికి చాలావాటిలో పరిమళం వెనకబడిపోయింది. అందుకే గులాబీ కొనేటప్పుడు పూసిన మొక్కనే, పొద్దుటి పూట, ముక్కు దగ్గర పెట్టుకుని మరీ కొనండి. ఎండ ఎక్కేకొద్దీ రేకుల్లోని సువాసన నూనెలు ఆవిరైపోతాయి. మధ్యాహ్నం బేరం మోసపు బేరమే.

కడియం నర్సరీల్లోగానీ మరోచోటగానీ పేరున్న రకాలే కావాలనుకుంటే కొన్ని చెబుతాను. 1958లో జర్మనీ కోర్డెస్ వాళ్లు తెచ్చిన 'ఐస్‌బర్గ్' గుత్తులుగా, విరగబూస్తుంది. వాసన మాత్రం లేత. 1988లో ఇంగ్లండు డేవిడ్ ఆస్టిన్ విడుదల చేసిన 'వించెస్టర్ కథీడ్రల్' నిండు రేకులది, వాసనా ఉంది. 'మేరీ రోజ్' అనే గులాబీరంగు రకం కొమ్మ మీద తనంతట తానే తెల్లగా మారి పూసిన పువ్వు అది. మనదేశం రకమే కావాలంటే డాక్టర్ బి.పి.పాల్ తయారుచేసిన తెల్లనిది 'డాక్టర్ హోమీ భాభా' ఉంది. పాల్‌గారు గోధుమ శాస్త్రవేత్త. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయ్యారు. అంత పనిలోనూ గులాబీలకి తీరిక చేసుకున్నారు. మనకి తీరిక లేదంటే ఎలా చెప్పండి?

పనసచెట్టు పోయిన చోట

తెచ్చిన కొమ్మలు రెండూ బతికాయి. ఎక్కడ నాటాను? పనసచెట్టు నీడన, పిల్లని ఎండకి కాచినట్టు. రెండేళ్లు ఆకులే ఆకులు. పూలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి ఉద్దానంలో నిద్రపోయిన తల్లి లేదు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు, జీడితోటలు, పనసలు నేలమట్టం. మా పనసా పోయింది. అది మావారు పుట్టిన ఏడాది మావగారు నాటిన చెట్టు. అత్తయ్య దాని మొదట్లో కూర్చుని లేవలేదు. గులాబీల సంగతి ఎవరికి పడుతుంది? నాలుగో రోజున చూస్తే ఒకటి కొమ్మల కింద నలిగి చచ్చిపోయింది. రెండోది సగం పెకలి ఒరిగిపోయి ఉంది. మట్టి ఎగదోసి, కర్ర పాతి కట్టాను. విరిగినవన్నీ కోసి మూరెడు మోడు మిగిల్చాను.

"చెట్లే పోనాయి, ఇంక పువ్వులేటమ్మా" అంది అత్తయ్య. నేనేం మాట్లాడలేదు.

మన ప్రాంతంలో గులాబీలు కత్తిరించేది వానలు తగ్గే అక్టోబరు, నవంబరుల్లోనే. గాలి విరిచిందీ, నేను కోసిందీ ఆ అదనులోనే పడ్డాయన్నమాట. కత్తిరించిన ఆరేడు వారాలకి పూత వస్తుంది. అలాగే నెలగంట పెట్టే రోజులకి ఆ మోడు తెల్లగా విరబూసింది. అన్ని పూలు ఎప్పుడూ పూయలేదు. ఎందుకు పూయదు, నెత్తిన నీడ పోయింది కదా!

ఆ పూలు చూసి సంతోషించాలో ఏడవాలో నాకు తెలీలేదు. అత్తయ్య మాత్రం మూడు రోజులు అటువైపు చూడలేదు. నాలుగోనాడు తెల్లారి లేచేసరికి గొబ్బెమ్మల మీద తెల్ల గులాబీలున్నాయి. పెట్టింది ఎవరో నేను అడగలేదు.

ఎండ ఎటు, నీడ ఎటు?

గులాబీకి రోజుకి ఆరు గంటల ఎండ ఉండాలి. పొద్దుటి ఎండ అయితే మరీ మంచిది. పూలు పూసే చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, చెట్ల నీడ ఉత్తరానికి పడుతుంది. అంచేత పెద్దచెట్లు పెరటికి ఉత్తరాన, గులాబీలు వాటికి దక్షిణాన ఉండాలి.

గొయ్యి అడుగున్నర లోతు, అంతే వెడల్పు. ఇసుక నేల అయితే చెరువుమన్ను, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. బంకనేల అయితే ఇసుక కలపండి. గులాబీకి తడి కావాలిగానీ నీళ్లు నిలవకూడదు. మొక్కకీ మొక్కకీ మూడడుగులు వదలండి.

గులాబీలకని వేరే తోట వెయ్యక్కర్లేదు. పువ్వూ, కూరా, మందుమొక్కా కలిపి వేసే తోటని ఇంగ్లండులో 'కుటీర తోట' అంటారు. పల్లెటూరి ఇళ్ల పద్ధతి అది. గెర్‌ట్రూడ్ జెకిల్ అనే తోటల నిపుణురాలు దాన్ని తన తోటల్లోకీ, రాతల్లోకీ తెచ్చింది. ఇంతా చేసి అది మన పెరడే కదండీ! వెనక కరివేప, మందార. మధ్యలో గుబురు గులాబీ. ముందు బంతి, కనకాంబరం, నాలుగు గోంగూర మొక్కలు. బంతి వేళ్లు నేలలోని నులిపురుగుల్ని అణుస్తాయి కూడా. గులాబీ మొదట్లో మాత్రం గాలి ఆడనివ్వండి. ఇరుకైతే ఆకుల మీద నల్లమచ్చలు, బూడిద తెగులు వస్తాయి.

నీళ్ల మాట. తాగేనీటికే కష్టపడిన ఉద్దానం వాళ్లం, పువ్వుకి బిందెలకొద్దీ పోయమంటే తప్పు. బియ్యం కడుగు, కూరలు కడిగిన నీళ్లు చాలు. సబ్బునీళ్లు వద్దు. మొదట్లో జీడాకుగానీ కొబ్బరి పీచుగానీ పరిస్తే తడి ఆరదు. పొద్దుటే, ఆకు తడవకుండా, మొదట్లోనే పోయండి. తెల్లపువ్వు రేకుల అంచులు గోధుమరంగుకి తిరిగితే తామరపురుగులని అర్థం. ఆ మొగ్గలు తుంచి దూరంగా పారేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బుద్రావణం కలిపి సాయంత్రం చల్లండి.

ఒక కొమ్మ పక్కింటికి

వానాకాలంగానీ చలికాలంగానీ పెన్సిలు లావు కొమ్మని జానెడు పొడవున కోయండి. కింద కోత కణుపు దిగువన ఏటవాలుగా ఉండాలి. అడుగు ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడన పెట్టండి. అడుగు కోసేసిన నీళ్ల సీసా బోర్లించి మూత తీసి ఉంచితే సరి. చిగురు రాగానే వేరొచ్చిందనుకుని పీకి చూడకండి! రెండు నెలలు ఓపిక పట్టండి.

నేను 2019 సంక్రాంతి వెళ్లాక అలా అయిదు కొమ్మలు నాటితే మూడు బతికాయి. మొదటిది ఎవరికి ఇచ్చానో తెలుసా? వెనకవీధి పెద్దమ్మకి. తిత్లీనాడు ఆవిడ నూతిపక్క గోడ కూలి, ఆ గుబురు వేళ్లతో సహా పోయింది. కొమ్మ అందుకుని చాలాసేపు వాసన లేని ఆ ఆకుల్నే చూస్తూ ఉండిపోయింది. "నా మొక్కే" అంది.

ఆ ఏడు వానలకి అత్తయ్య పనసగింజ నాటింది. పెరటికి ఉత్తరపు మూలన. "ఇక్కడైతే నీ గులాబీకి నీడ పడదులే" అంది, నావైపు చూడకుండానే. ఇప్పుడా పనస మా డాబా ఎత్తుకి ఎదిగింది. గులాబీ పూస్తూనే ఉంది.

మరి మీ పెరట్లో ఎక్కడా దొరకని మొక్క ఏదైనా ఉందా? ఉంటే ఈ వారమే ఒక కొమ్మ పక్కింటికి ఇచ్చి రండి. వచ్చేటప్పుడు వాళ్ల పెరట్లోకి ఓసారి తొంగి చూడటం మర్చిపోకండేం!