సైనికుల కోసం పుట్టిన సిలోన్ రేడియో

వరండాలో రెండు మేకుల మధ్య కట్టిన జాలీ ఏరియల్, గూట్లో వాల్వు రేడియో. ముల్లు 41 మీటర్ల దగ్గరికి తిప్పితే పాట దగ్గరకొచ్చేది, దూరమయ్యేది, మళ్లీ దగ్గరకొచ్చేది. రేడియో సిలోన్ విన్న తరానికి ఇది బాగా తెలుసు. కానీ ఆ కేంద్రం మన కోసం పెట్టింది కాదు, ఇల్లు వదిలి యుద్ధానికి వచ్చిన సైనికుల కోసం పెట్టింది.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1943లో మిత్రరాజ్యాలు ఆగ్నేయాసియా కమాండ్‌ను (ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ‘సియాక్’) ఏర్పాటు చేసి బ్రిటిష్ నౌకాదళాధికారి మౌంట్‌బాటన్‌కు అప్పగించాయి. మరుసటి ఏడు దాని ప్రధాన కార్యాలయం సిలోన్ (ఇప్పటి శ్రీలంక)లోని క్యాండీకి మారింది. బర్మాలో జపాన్ సేనలతో పోరాడుతున్న వారికి వార్తలు, పాటలు వినిపించడానికి కొలంబోలో ‘రేడియో సియాక్’ మొదలైంది. మొదట ట్రాన్స్‌మిటర్ చిన్నది. కొలంబో దగ్గరి ఎకాలలో 100 కిలోవాట్లది పని మొదలుపెట్టేసరికి 1946 వచ్చింది. యుద్ధం ముగిసినా, ఇంటికెళ్లే ఓడ కోసం ఎదురుచూస్తున్న సైనికులకు అదే తోడు.

కొలంబో నుంచి బర్మాలోని రంగూన్‌కు సుమారు 2,000 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి తిన్నగా పోయే తరంగం అంత దూరం చేరదు. అందుకు ఆకాశమే సాయం చేస్తుంది. పైన వాతావరణంలో సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొడతాయి. ఆ పొరలే అయనావరణం. షార్ట్‌వేవ్ తరంగాలు అక్కడికి వెళ్లి, వంగి, వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. పగలు కింది పొర వాటి బలాన్ని కొంత పీల్చేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోతుంది, 41 మీటర్ల స్టేషన్లు దూరదూరాల నుంచి వినిపిస్తాయి. ఒకే పాట రెండు మూడు దారుల్లో వచ్చి, ఒకసారి కలిసి బలపడుతుంది, ఒకసారి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంది. పాట ఊగిసలాడేది అందుకే.

1949లో ఆ రేడియో కేంద్రం సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు కళ్లెం వేసినప్పుడు, హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా కొలంబో నుంచే భారతదేశమంతటికీ చేరింది. తెలుగు పాటలూ అక్కణ్ణుంచి మన ఇళ్లకు వచ్చాయి. శ్రోతలు ఎటు మళ్లారో గమనించిన ఆకాశవాణి 1957లో వివిధభారతిని ప్రారంభించింది.

మీ ఇంట్లో షార్ట్‌వేవ్ ఉన్న పాత రేడియో ఉంటే, పారేయకండి. చీకటి పడ్డాక ముల్లు మెల్లగా తిప్పండి. ఏదైనా గొంతు పెరుగుతూ తరుగుతూ వినిపిస్తే అది రేడియో లోపం కాదు, పైనెక్కడో అయనావరణం కదులుతోందన్నమాట.