తాతకూ మనవడికీ ఒకే టీవీ: కొనే ముందు చూడవలసినవి

పండగ దగ్గరపడితే ఇంట్లో కొత్త టీవీ మాట వస్తుంది. పెద్దలకు తెలుగు వార్తలు, సినిమాలు కావాలి. పిల్లలకు గేములు కావాలి. ఇద్దరికీ ఒకటే సరిపోవాలంటే ఇవి చూసుకోండి.

సైజు: అంగుళాలంటే తెర మూల నుంచి మూలకు కొలత. కూర్చునే చోటు నుంచి గోడ దాకా టేపుతో కొలిచి మరీ షాపుకు వెళ్ళండి. ఆరడుగులుంటే 43 అంగుళాలు చాలు.

స్పష్టత: ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080 చుక్కలు, 4కే అంటే 3840×2160. 32 అంగుళాలకు ఫుల్ హెచ్‌డీ చాలు. 43 దాటితే 4కే మేలు. షోరూము వీడియో చూసి మురిసిపోకండి. మామూలు ఎస్‌డీ ఛానల్ పెద్ద తెర మీద మసకగానే ఉంటుంది. అదే పెట్టించి చూడండి.

గేములు: గేమ్ మోడ్ ఉంటే బటన్ నొక్కాక తెర స్పందించడంలో ఆలస్యం తగ్గుతుంది. మామూలు ఆటలకు 60 హెర్ట్జ్ చాలు. ప్లేస్టేషన్ 5లో 4కే ఆటలు 120 ఫ్రేములతో ఆడాలంటే 120 హెర్ట్జ్ తెర, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉండాలి.

తెలుగు: ఆహా, ఈటీవీ విన్ యాప్‌లు అందులో వస్తాయో లేదో షాపులోనే వెతికించండి. ఇక్కడి కేబుల్ ప్యాకుల్లో స్థానిక భాష ఛానళ్ళే ఎక్కువ. 2019 నుంచి ఛానళ్ళను విడివిడిగా ఎంచుకోవచ్చు. కావలసిన తెలుగు ఛానళ్ళ పేర్లు కాగితం మీద రాసి ఆపరేటరుకు ఇవ్వండి.

బిల్లు: 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. సరిచూసుకోండి.

బడిలో తెలుగు లేని మన పిల్లలకు ఇంట్లో వినపడే తెలుగే ఆధారం. గేములతో పాటు రోజూ ఓ అరగంట తాతయ్య ఛానల్ కూడా నడవనివ్వండి.